పిల్లల స్టెరాయిడ్ ఇన్‌హేలర్: రెండేళ్ల వాడకం, మధ్యలో ఒక విరిగిన చెయ్యి

మా అబ్బాయికి ఆరేళ్లు నిండినప్పుడు ఉబ్బసానికి మొదలుపెట్టిన బుడెసొనైడ్ ఇన్‌హేలర్‌కూ, దానికి తగిలించి వాడే స్పేసర్ అనే గొట్టానికీ ఇది సమీక్ష. ఇప్పుడు వాడికి ఎనిమిదేళ్ల మూడు నెలలు. ఒక్కో పఫ్‌కు 100 మైక్రోగ్రాముల మందు వచ్చే రకం అది. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. ఆయాసం వచ్చినప్పుడు కొట్టే రిలీవర్ వేరే ఉంది, దాని గురించి ఇక్కడ చెప్పబోవడం లేదు. ఈ మందు రోజూ వాడితేనే పనిచేసే ప్రివెంటర్. రోజూ వాడాలన్న ఆ మాట దగ్గరే మేము నెల రోజులు తటపటాయించాం, ఎందుకంటే ఇందులో ఉన్నది స్టెరాయిడ్. ఎదిగే పిల్లవాడికి స్టెరాయిడ్ ఇస్తే ఎముకలు గుల్లబారతాయని, ఎదుగుదల ఆగిపోతుందని ఎవరో ఒకరు చెప్పకుండా ఒక్క వారం కూడా గడవలేదు. కాబట్టి మందు ఆయాసాన్ని ఎంత తగ్గించిందన్న విషయాన్ని క్లుప్తంగా ముగించి, ఎముకల సంగతే ఎక్కువగా రాస్తాను.

ముందుగా ఆ క్లుప్తమైన భాగం. ఇన్‌హేలర్ మొదలుపెట్టడానికి ముందు ఏడాదిలో వాడికి నాలుగు సార్లు పెద్ద ఆయాసం వచ్చింది, నాలుగు సార్లూ నోటి ద్వారా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వాల్సి వచ్చింది. రాత్రి రెండు, మూడు గంటల మధ్య పిల్లికూతలతో లేచి కూర్చోవడం వారానికి రెండు సార్లైనా జరిగేది. ప్రివెంటర్ మొదలైన మూడో వారం నుంచి రాత్రి దగ్గు తగ్గింది. రెండు నెలలకు పూర్తిగా పోయింది. ఈ రెండేళ్ల పైచిలుకులో నోటి స్టెరాయిడ్ అవసరం ఒకే ఒక్కసారి పడింది, అదీ మా తప్పు వల్లే. ఆ సంగతి కింద వస్తుంది.

ఇక ఎముకల విషయం. ఎముకలో ఒకపక్క పాతదాన్ని కరిగించే కణాలు, మరోపక్క కొత్తదాన్ని కట్టే కణాలు నిత్యం పనిచేస్తూనే ఉంటాయి. పిల్లల్లో కట్టే పని ఎక్కువగా సాగుతుంది కాబట్టే ఎముక పెరుగుతుంది, బరువెక్కుతుంది. జీవితాంతం ఖర్చుపెట్టుకోవాల్సిన ఎముక పుష్టిలో అత్యధిక భాగం ఇరవై ఏళ్లు నిండేలోపే సమకూరుతుంది. రక్తంలో స్టెరాయిడ్ ఎక్కువైతే కట్టే కణాలు మందగిస్తాయి, కొన్ని ముందుగానే చచ్చిపోతాయి. పేగులు క్యాల్షియాన్ని తక్కువగా పీల్చుకుంటాయి, మూత్రంలో క్యాల్షియం ఎక్కువగా పోతుంది. మొదట దెబ్బ తినేది వెన్నుపూసల్లాంటి, లోపల జల్లెడలా ఉండే ఎముక. కనుక భయానికి ఆధారం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కర్లేదు. ఆధారం ఉంది. అయితే ఆ భయం రక్తంలోకి చేరే మోతాదును బట్టి ఉండాలి, డబ్బా మీద స్టెరాయిడ్ అన్న పేరు కనిపించినంత మాత్రాన కాదు.

మోతాదు ఎంతో నేను ఒకరోజు కాగితం మీద లెక్కవేశాను. ఆయాసం వచ్చినప్పుడు వాడికి ఇచ్చిన ప్రెడ్నిసొలోన్ రోజుకు 20 మిల్లీగ్రాములు, అంటే 20,000 మైక్రోగ్రాములు. అయిదు రోజుల కోర్సుకు 1,00,000. ఇన్‌హేలర్‌తో రోజుకు బయటికి వచ్చేది 200 మైక్రోగ్రాములు. బరువు ప్రకారం చూస్తే ఒక్క కోర్సు అయిదు వందల రోజుల పఫ్‌లకు సమానం. ఈ లెక్కను యథాతథంగా నమ్మకూడదు, ఎందుకంటే బుడెసొనైడ్ తూకానికి తూకం ప్రెడ్నిసొలోన్ కన్నా చాలా శక్తిగల మందు. కానీ ఆ 200 మైక్రోగ్రాములూ ఒంటికి పట్టవన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొంత స్పేసర్ గోడలకు అంటుకుంటుంది, కొంత నోట్లో మిగిలి ఉమ్ములో పోతుంది. కడుపులోకి జారిన దానిలో సుమారు తొంభై శాతాన్ని కాలేయం మొదటి విడతలోనే విరిచేస్తుంది. ఊపిరితిత్తుల్లోకి చేరిన భాగం మాత్రం అక్కడ పని చేసి ఆ తర్వాత నేరుగా రక్తంలో కలుస్తుంది. ఆ చివరి వాక్యాన్ని మాతో ఎవరూ చెప్పలేదు. "ఇది ఊపిరితిత్తుల్లోనే ఉండిపోతుంది, ఒంట్లోకి పోదు" అన్న సగం నిజం మాత్రం చాలామంది చెప్పారు. పూర్తిగా చెప్తే భయపడతారనుకున్నారేమో. నాకైతే పూర్తిగా తెలిసిన తర్వాతే భయం తగ్గింది.

ఈ మందునే పిల్లల మీద ఏళ్ల తరబడి పరీక్షించిన అధ్యయనం ఒకటుంది. అమెరికా, కెనడాల్లో 5 నుంచి 12 ఏళ్ల వయసున్న 1,041 మంది ఉబ్బసం పిల్లలను మూడు బృందాలుగా చేసి, ఒక బృందానికి బుడెసొనైడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు, ఒక బృందానికి నెడొక్రోమిల్ అనే వేరే మందు, మూడో బృందానికి ఉత్తుత్తి మందు నాలుగు నుంచి ఆరేళ్ల పాటు ఇచ్చారు. 2000లో ఫలితాలు వెలువడ్డాయి. ఎముకల సాంద్రతలో బృందాల మధ్య తేడా కనిపించలేదు. ఎత్తులో మాత్రం బుడెసొనైడ్ పిల్లలు సగటున 1.1 సెంటీమీటర్లు వెనకబడ్డారు. ఆ వెనకబాటు ఎక్కువగా తొలి సంవత్సరంలో వచ్చిందే తప్ప ఏటేటా పెరుగుతూ పోలేదు. అదే పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ కొలిచి 2012లో ప్రకటించినప్పుడు తేడా 1.2 సెంటీమీటర్లు. అంటే పోయిన సెంటీమీటరు తర్వాత తిరిగి రాలేదు. అలాగని రెండు, మూడు సెంటీమీటర్లుగా పెరగనూ లేదు. మా వాడి మోతాదు ఆ పిల్లలకు ఇచ్చిన దానిలో సగం. వాళ్లు వాడినది పొడి పీల్చే పరికరం, మాది గ్యాసుతో చిమ్మేది కాబట్టి పోలిక గీత గీసినట్టు సరిపోదు, అయినా చేతికి అందే దగ్గరి పోలిక అదే.

మగపిల్లల తల్లిదండ్రులు గమనించాల్సిన ఒక సూక్ష్మం ఆ అధ్యయనంలోనే ఉంది. సుమారు ఏడేళ్ల పాటు పిల్లల వెన్నెముక సాంద్రతను గమనించి 2008లో ప్రచురించిన విశ్లేషణలో, నోటి స్టెరాయిడ్ కోర్సులు ఎన్ని ఎక్కువగా పడితే మగపిల్లల్లో ఎముకకు ఖనిజం చేరడం అంతగా తగ్గింది, ఎముక పలచబడే అవకాశమూ పెరిగింది. పీల్చే స్టెరాయిడ్ మొత్తం మోతాదు పెరిగిన కొద్దీ మగపిల్లల్లో ఆ చేరిక కొద్దిగా తగ్గినా, ఎముక పలచబడే అవకాశం మాత్రం పెరగలేదు. ఆడపిల్లల్లో ఈ రెండింటి ప్రభావమూ కనిపించలేదు. ఎముకలు నిజంగా విరగడం మాటేమిటంటారా, కెనడాలోని ఒంటారియోలో 2 నుంచి 18 ఏళ్ల మధ్య వయసున్న 19,420 మంది ఉబ్బసం పిల్లల వివరాలతో చేసిన పరిశీలన 2018లో వచ్చింది. పీల్చే స్టెరాయిడ్‌కూ ఎముకలు విరగడానికీ అందులో సంబంధం దొరకలేదు. నోటి ద్వారానో, ఇంజెక్షన్‌గానో ఇచ్చిన స్టెరాయిడ్‌కు దొరికింది. బ్రిటన్ పిల్లల మీద 2003లో వచ్చిన మరో అధ్యయనంలో, నోటి స్టెరాయిడ్ నాలుగు కోర్సులు, అంతకు మించి వాడినవారిలో ఎముక విరిగే అవకాశం సుమారు మూడో వంతు ఎక్కువగా తేలింది. ఆ నాలుగు అన్న సంఖ్య చదివినప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. ప్రివెంటర్ మొదలుపెట్టడానికి ముందు ఏడాదిలో వాడికి పడ్డవి సరిగ్గా నాలుగు.

ఇవన్నీ ఇంత శాంతంగా రాస్తున్నాను కానీ, పధ్నాలుగో నెలలో వాడు సైకిల్ మీద నుంచి పడి ఎడమ ముంజేతి ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు నాకు ఈ అధ్యయనాల్లో ఒక్కటీ తెలియదు. ఎక్స్‌రేలో మణికట్టుకు రెండు అంగుళాల పైన, పచ్చి కొమ్మను వంచితే ఒకవైపు చీలి మరోవైపు వంగినట్టు ఉంది ఎముక. అది చూసిన క్షణంలో నా మనసులో సైకిల్ లేదు, ఇన్‌హేలర్ ఒక్కటే ఉంది. ఆ రాత్రే, ఎవరినీ అడక్కుండా, ప్రివెంటర్‌ను అలమారలో పై అరకు చేర్చేశాం. మొదటి వారం ఏమీ కాలేదు, దాంతో మేము చేసింది సరైనదే అనుకున్నాం. పందొమ్మిదో రోజు జలుబు, ఇరవయ్యో రోజు రాత్రి పిల్లికూతలు. తెల్లారేసరికి మాట్లాడడానికి ఊపిరి చాలక వాడు వేలితో రిలీవర్ వైపు చూపించాడు. మళ్లీ అయిదు రోజుల ప్రెడ్నిసొలోన్. ఎముకను కాపాడదామని ఆపిన మందు, ఎముకకు అంతకన్నా చేటు చేసే మందును ఇంటికి తీసుకొచ్చింది.

పిల్లల డాక్టరు గారు కోప్పడలేదు. "విరిగింది ముంజెయ్యి, అదీ సైకిల్ మీద నుంచి పడ్డప్పుడు. పిల్లల్లో అన్నిటికన్నా ఎక్కువగా విరిగే చోటు అదే. స్టెరాయిడ్ వల్ల దెబ్బ తింటే ముందుగా కుంగేది వెన్నుపూస. పడకుండానే వీపు నొప్పి వచ్చి తగ్గకపోతే అప్పుడు పరుగెత్తుకు రండి" అన్నారు. పెద్దవాళ్లయ్యేలోపు దాదాపు ముగ్గురు పిల్లల్లో ఒకరికి ఏదో ఒక ఎముక విరుగుతుందని, వాళ్లలో అత్యధికులకు ఇన్‌హేలర్ ఊసే ఉండదని కూడా చెప్పారు. ఎముక సాంద్రత స్కాన్ తీయించమని నేను పట్టుబట్టాను. ఈ మోతాదుకు అవసరం లేదని ఆయన నిరాకరించారు. స్కాన్ ఎముకను నీడలా చదునుగా చూస్తుంది కాబట్టి పొట్టి పిల్లల ఎముక ఉన్నదానికన్నా పలచగా కనిపిస్తుందని, పిల్లల్లో ఎముకలు గుల్లబారాయని కేవలం స్కాన్ అంకెతో తేల్చరని, విరిగిన చరిత్ర కూడా చూస్తారని వివరించారు. నోటి స్టెరాయిడ్ పదేపదే పడుతున్న పిల్లలకు, ఎక్కువ మోతాదు మీద ఏళ్ల తరబడి ఉన్నవారికి మాత్రం ఆ ఆలోచన చేస్తామన్నారు. మరో హెచ్చరిక కూడా చేశారు: ఎక్కువ మోతాదు వాడే పిల్లల్లో శరీరం సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉండవచ్చు కనుక, అలాంటి పిల్లలకు ఇన్‌హేలర్ అకస్మాత్తుగా ఆపితే ఆయాసం ఒక్కటే కాదు, అంతకు మించిన ప్రమాదం ఉంటుంది.

ఇప్పుడు పరికరం మీద నా తీర్పు. డబ్బాను నొక్కితే కొలతగా మందు చిమ్మే ఈ ఏర్పాటు వెనక ఒక పిల్ల ప్రశ్న ఉంది. జుట్టుకు కొట్టుకునే స్ప్రేలా తన ఉబ్బసం మందు ఎందుకు రాదని అమెరికాలోని రైకర్ లేబొరేటరీస్ అధిపతి జార్జ్ మైసన్‌ను ఆయన పదమూడేళ్ల కూతురు 1955లో అడిగిందట. మరుసటి ఏడాదికి ఇన్‌హేలర్ మార్కెట్లోకి వచ్చింది. పిల్ల అడిగితే పుట్టిన పరికరాన్ని పిల్లలే సరిగా వాడలేకపోవడం విచిత్రం. నొక్కడమూ పీల్చడమూ ఒకే క్షణంలో జరగాలి. అది పెద్దవాళ్లకే కుదరదు. మందు వేగంగా వచ్చి గొంతు వెనక గోడకు కొట్టుకుంటుంది. అందుకే స్పేసర్ లేని ఇన్‌హేలర్‌కు నేను సగం మార్కులు కూడా వేయను. స్పేసర్‌తో అయితే మందు ఆ గొట్టంలో ఒక్క క్షణం నిలుస్తుంది, పిల్లవాడు మామూలుగా అయిదారు సార్లు ఊపిరి తీస్తే చాలు. మా దానిలో ఊపిరి పీల్చినప్పుడల్లా లోపలి పలుచని కవాటం "టిక్" మంటుంది. ఆ టిక్కులు వాడు వేళ్ల మీద లెక్కపెడతాడు. మరీ గట్టిగా పీలిస్తే ఈల మోగుతుంది, మోగితే తప్పు చేసినట్టు. మొదట్లో ఈల మోగించడమే ఆట అనుకున్నాడు, ఆ భ్రమ పోగొట్టడానికి వారం పట్టింది.

మేము చేసిన తప్పులు మూడు చెప్పాలి, ఎందుకంటే మూడూ మందు మోతాదుతో, దాని ద్వారా ఎముకలతో ముడిపడ్డవే. మొదటిది, స్పేసర్‌ను కడిగి మెత్తటి గుడ్డతో తళతళలాడేలా తుడిచేవాళ్లం. తుడిస్తే ప్లాస్టిక్‌కు విద్యుదావేశం పట్టి మందు గోడలకే అతుక్కుంటుంది. సబ్బు నీళ్లలో ముంచి తీసి, తుడవకుండా దానంతటదే ఆరనివ్వాలి. రెండోది, రెండు పఫ్‌లు రాసిన వారాల్లో రెండూ ఒకేసారి గొట్టంలోకి కొట్టేసేవాళ్లం. దానివల్ల లోపలికి చేరేది తగ్గుతుంది, ఒకటి పూర్తయ్యాక మళ్లీ డబ్బా ఊపి రెండోది కొట్టాలి. మూడోది, రాత్రి నిద్రమత్తులో పుక్కిలించకుండా పడుకోనిచ్చేవాళ్లం. రెండో నెలలో నాలుక మీద తెల్లటి పూత వచ్చింది, గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు పళ్లు తోముకునే ముందు పఫ్ అని క్రమం మార్చాం, దాంతో పుక్కిలించి ఉమ్మడం విడిగా గుర్తు చేయాల్సిన పని లేకుండా పోయింది. ఇలా పద్ధతి కుదిరితే తక్కువ మోతాదుతోనే ఆయాసం అదుపులోకి వస్తుంది. పద్ధతి కుదరక మందు గొట్టానికీ గొంతుకూ పోతుంటే, అదుపు తప్పిందనుకుని డాక్టరు మోతాదు పెంచుతారు, ఎముకల విషయంలో మనం భయపడాల్సిన చోటికి అలా మెల్లగా చేరతాం.

డబ్బా మీద నా పెద్ద ఫిర్యాదు, మాకు దొరికిన రకానికి మిగిలిన పఫ్‌లు చూపించే అంకెల కిటికీ లేకపోవడం. 200 పఫ్‌లు అయిపోయిన తర్వాత కూడా లోపలి గ్యాసు వల్ల డబ్బా చిమ్ముతూనే ఉంటుంది, అందులో మందు ఎంతుందో నమ్మకం ఉండదు. నీళ్లలో తేలితే ఖాళీ, మునిగితే నిండు అనే చిట్కా నమ్మదగింది కాదు. రోజుకు రెండు చొప్పున వంద రోజులు కాబట్టి, కొత్తది తెరిచిన రోజే దాని ఒంటి మీద ముగిసే తేదీ రాసి పెడుతున్నాం. లోపల మడిచి పెట్టిన కాగితానికైతే నేను ఒక్క మార్కూ వేయను. ఎముకల సాంద్రత తగ్గడం, ఎదుగుదల మందగించడం, నోటిపూత అన్నిటినీ ఒకే వరసలో పేర్చింది. ఏ మోతాదుకు ఏది వస్తుందో, ఎంత అరుదో విడమరిచి చెప్పలేదు. మమ్మల్ని భయపెట్టి నెల రోజులు ఆపింది ఆ కాగితమే.

ఎత్తు విషయంలో అనుభవం ఇది. నాలుగు నెలలకోసారి క్లినిక్‌లో గోడకు బిగించిన కొలబద్ద దగ్గర నిలబెట్టి కొలిపిస్తున్నాం. మొదటి ఏడాది 5 సెంటీమీటర్లు, రెండో ఏడాది 6 పెరిగాడు. వాడి వయసుకు రెండూ మామూలే. ఇంట్లో టేపుతో కొలిచి దిగులు పడిన రోజులున్నాయి. ఉదయం కొలతకూ సాయంత్రం కొలతకూ మధ్యే దాదాపు సెంటీమీటరు వరకు తేడా ఉండవచ్చని తర్వాత తెలిసింది. మేము వెతుకుతున్న ప్రభావమూ అంతే కాబట్టి, ఇంటి టేపుతో అది దొరికే వస్తువు కాదు. ఈ మందు వల్ల వాడు పెద్దయ్యాక ఒక సెంటీమీటరు పొట్టిగా ఉండవచ్చన్న సంగతిని నేను కొట్టిపారేయడం లేదు. తెలిసే ఒప్పుకున్నాను.

ఎముకలకు మందు చేసే మేలు ఒకటి ఏ కాగితంలోనూ కనిపించదు. ఆయాసం ఉన్న రోజుల్లో వాడు ఆటల్లో గట్టు మీద కూర్చునేవాడు. ఎముక గట్టిపడాలంటే గెంతాలి, పరుగెత్తాలి, బరువు మోయాలి. కూర్చున్న పిల్లవాడి ఎముకకు ఆ పిలుపు అందదు. ఇప్పుడు గంట సేపు ఆడి, చెమటతో, మామూలు ఊపిరితో వస్తున్నాడు. పాలు తాగితే కఫం పెరుగుతుందని మేము ఏడాది పాటు పాలు మాన్పించిన మాట కూడా ఒప్పుకోవాలి. పాల అలర్జీ లేని పిల్లవాడికి అలా మాన్పిస్తే, ఉబ్బసం తగ్గదు సరికదా క్యాల్షియం మాత్రం కరువవుతుంది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వరకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు, తొమ్మిది నుంచి పద్దెనిమిది వరకు 1,300 మిల్లీగ్రాములు క్యాల్షియం, అన్ని వయసుల పిల్లలకూ 600 యూనిట్ల విటమిన్ డి కావాలని అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010లో సూచించింది. ఏడాదిలోపు పసివాళ్ల లెక్క వేరు. మాత్రలు కొనే ముందు తిండిలో ఎంత అందుతోందో చూడమన్నారు మా డాక్టరు గారు, మాకు మాత్రలు అవసరం పడలేదు.

నా మార్కులు: మందుకు అయిదుకు అయిదు, స్పేసర్‌కు నాలుగున్నర, డబ్బాకు మూడు, కాగితానికి సున్నా. ఇది తక్కువ మోతాదు మీద ఉన్న పిల్లవాడి అనుభవమని గుర్తుంచుకుని చదవండి. బుడెసొనైడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు దాటిందంటే ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు అది ఎక్కువ మోతాదు కిందికే వస్తుంది, అప్పుడు డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు వేరు. మా వాడికి మూడు నెలలుగా ఒక్క రాత్రి కూడా దగ్గు లేదు కాబట్టి, వచ్చే సందర్శనలో రోజుకు ఒక పఫ్‌కు దించి చూద్దామన్నారు. ఇప్పుడు వాడుతున్న డబ్బా మీద రాసిన తేదీకి ఇంకా పదకొండు రోజులుంది.